భృతి: ఒక మాట, రెండు అర్థాలు

నెల మొదటి వారం రాగానే మన ప్రాంతంలోని సూపర్‌మార్కెట్ల ముందు వరుసలు పెరుగుతాయి. మొదటి రోజు వృద్ధులకు, మరునాడు వైకల్యం ఉన్నవారికి, ఆ తరువాతి రోజు పిల్లల పోషణకు ప్రభుత్వ సహాయం అందుతుంది. ఈ సహాయాన్ని మనమందరం 'గ్రాంటు' అనే పిలుస్తాము. గ్రాంటు ఎలా పొందాలో మన బంధువర్గంలో ఎవరిని అడిగినా చెప్పగలరు. కాని గ్రాంటు పొందుతున్న మనిషికి తిరిగి పనికి వెళ్లాలన్న కోరిక కలిగితే ఏమి చేయాలి, ఏమి జరుగుతుంది అన్న ప్రశ్నకు జవాబు చెప్పేవారు అరుదు. మా కుటుంబానికి ఆ ప్రశ్న 2024లో ఎదురైనది. మేము తెలుసుకున్నది నలుగురికీ ఉపయోగపడగలదన్న ఆశతో ఈ వ్యాసం రాస్తున్నాము.

మేమిద్దరమూ, అంటే మా ఆయన, ఆయన భార్య, దర్బన్ పరిసరాలలోని పాఠశాలలలో బోధించి పదవీ విరమణ చేసినవాళ్లము. మా పెద్దలు చిత్తూరు ప్రాంతం నుండి మద్రాసు రేవుకు నడిచి వచ్చి, అక్కడ ఓడ ఎక్కి నటాలు చేరినవారు. మా అవ్వకు తెలుగు తప్ప మరో భాష సరిగా రాదు. మా తల్లిదండ్రులు తెలుగులో మందలించి ఇంగ్లీషులో ముద్దు చేసేవారు. మాకు తెలుగు అక్షరాలు వచ్చినది మాత్రం అరవై ఏళ్లు దాటిన తరువాత, మంగళవారం సాయంత్రపు తరగతిలోనే. అందువలన ఇంట్లో జరిగిన సంభాషణలు చాలావరకు ఇంగ్లీషులో జరిగినవే అయినా, ఇక్కడ వాటిని తెలుగులోనే చెబుతున్నాము.

మా తమ్ముడు ఒక దుస్తుల కర్మాగారంలో కుట్టుయంత్రాలు బాగుచేసే మెకానిక్. ముప్పై ఏళ్ల పాటు చెవితో విని యంత్రం రోగం చెప్పగలిగిన మనిషి. 2021లో అతనికి పక్షవాతం వచ్చినది. ప్రాణం దక్కినది, ఎడమ చేయి, ఎడమ కాలు మాత్రం పూర్తిగా వశం కాలేదు. మాట కొంతకాలం తడబడి, తరువాత చక్కబడినది. ఉద్యోగం పోయినది. మొదట నిరుద్యోగ బీమా నిధి నుండి అనారోగ్య భత్యం వచ్చినది. అది ముగిసిన తరువాత వైద్య పరీక్ష జరిగి తాత్కాలిక వైకల్య గ్రాంటు, ఆ పిమ్మట శాశ్వత గ్రాంటు మంజూరైనాయి. ఆరు నెలల నుండి పన్నెండు నెలల వరకు ఉండగల వైకల్యానికి తాత్కాలిక గ్రాంటు. పన్నెండు నెలలు మించినదానికి శాశ్వత గ్రాంటు. ఇది 18 ఏళ్ల నుండి 59 ఏళ్ల వయసు వారికి. 60 నిండగానే వృద్ధాప్య గ్రాంటుగా మారుతుంది.

2024 ఏప్రిల్‌లో ఈ గ్రాంటు నెలకు 2,180 రాండ్లుగా ఉండేది. దానితో మా తమ్ముడు, మరదలు బియ్యం, పప్పు, కరెంటు, మందుల షాపుకు వెళ్లివచ్చే టాక్సీ ఖర్చులు సర్దుకునేవారు. మరదలు ఇంట్లో రవికలు కుట్టి కొద్దిగా సంపాదించేది. బిడ్డలు తమ వంతు ఇచ్చేవారు. ఆకలి లేదు. అయినా అతడు రోజురోజుకూ తగ్గిపోతున్నట్లు మాకు కనబడేది. మధ్యాహ్నం కిటికీ దగ్గర కూర్చుని ఎవరింటి గేటు చప్పుడు ఎవరిదో చెప్పడమే అతని పనిగా మారినది.

మన పెద్దలు వదిలివెళ్లిన సామెతలలో 'కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయి' అన్నది అందరికీ తెలుసు. ఒక పెళ్లి పందిట్లో మా బంధువు ఒకాయన నవ్వుతూనే ఆ సామెత అన్నారు. ఎవరిని ఉద్దేశించి అన్నారో పేరు చెప్పలేదు. మా తమ్ముడు ఆ రోజు భోజనం సగంలోనే లేచాడు. ఆ సామెత తాతలు సంపాదించిన ఆస్తిని కూర్చుని తినే మనుమలకోసం పుట్టినది. నెలకు 2,180 రాండ్లు కొండ కాదు, కూర్చోవడం అతడు కోరి చేసిన పనీ కాదు. ఈ సంగతి మాకు తెలిసినా, ఆ మాట తగిలిన చోటు మాత్రం మానలేదు.

ఈ బాధకు మన చరిత్రలో లోతైన వేరు ఉన్నదని మేము భావిస్తున్నాము. 1860 నవంబరు 16న ట్రూరో ఓడ మద్రాసు నుండి దర్బన్ చేరినప్పటి నుండి 1911 వరకు లక్షన్నరకు పైగా భారతీయులు ఒప్పందపు కూలీలుగా నటాలుకు వచ్చారు. ఒప్పందం ఐదేళ్లు. మొదటి ఏడాది నెలకు పది షిల్లింగులు, ఆపైన ఏటా ఒక షిల్లింగు పెంపు. ఓడ జాబితాలో ప్రతి మనిషికీ ఒక సంఖ్య. పక్కన పేరు, తండ్రి పేరు, వయసు, కులం, గ్రామం, ఎత్తు, ఒంటిపై ఉన్న మచ్చలు. ఆ లెక్కలో మనిషి విలువ అతని రెండు చేతులదే. శరీరం చితికి పని చేయలేని వారిని ఓడలెక్కించి వెనక్కి పంపడమూ జరిగినది. 1871లో తిరిగి వెళ్లినవారు మద్రాసులో చేసిన ఫిర్యాదుల ఫలితంగా 1872లో విచారణ సంఘం ఏర్పడి, ఆ తరువాతనే వలస కూలీలకు సంరక్షకాధికారిని నియమించారు. పని చేసినంతకాలమే ఈ నేల మీద చోటు అన్న భయం అప్పటి నుండి మన ఇళ్లలో ఉన్నది. 1895 చట్టం ఒప్పందం ముగించుకున్నవారిపై మోపిన మూడు పౌన్ల పన్ను ఆ భయాన్ని ఇంకా బిగించినది. 1913 సమ్మె తరువాత, 1914లో గాని ఆ పన్ను తొలగలేదు.

ప్రభుత్వ సహాయం విషయంలోనూ ఇంతే. 1928లో ఈ దేశంలో వృద్ధాప్య పింఛను చట్టం వచ్చినప్పుడు భారతీయులకు, ఆఫ్రికన్లకు అందులో చోటు లేదు. 1944లో గాని వారిని చేర్చలేదు. వైకల్య గ్రాంటు చట్టం 1946లో వచ్చినది. అప్పటికీ జాతిని బట్టి మొత్తం వేరు. అందరికీ సమానమైన మొత్తం 1993లో గాని రాలేదు. ఈ నడిమి కాలంలో నడవలేని తాతను, చూపు పోయిన అవ్వను ఇంటివారు, ఇరుగుపొరుగువారు, 1921లో దర్బన్‌లో స్థాపితమైన ఆర్యన్ బెనెవలెంట్ హోమ్ వంటి సంస్థలు చూసుకున్నాయి. కనుక నేడు మనవారి చేతిలో ఉన్న గ్రాంటు కార్డు ఎవరో దయతలచి పడవేసినది కాదు. ఎనభై ఏళ్లకు పైగా లెక్కలోకి రాకుండా చెమటోడ్చిన మనుషుల తరువాత, ఆలస్యంగా వచ్చిన హక్కు అది.

ఇక్కడ ఒక మాట గురించి చెప్పాలి. మన సాయంత్రపు తరగతిలో తెలుగునాటి వార్త ఒకటి చదువుతున్నప్పుడు 'నిరుద్యోగ భృతి' అన్న మాట వచ్చినది. పని లేనివారికి ప్రభుత్వమిచ్చే సహాయమని గురువుగారు చెప్పారు. నిఘంటువు తీసి చూస్తే భృతికి మొదటి అర్థం కూలి, జీతం అని ఉన్నది. ఆ పక్కనే పోషణ, జీవనాధారం అని కూడా ఉన్నది. పని చేసినందుకు ఇచ్చేదీ భృతే, పని చేయలేనప్పుడు ఇచ్చేదీ భృతే. దీని మూలం 'భృ' అనే సంస్కృత ధాతువు. మోయడం, పోషించడం అని దాని భావం. భర్త, భార్య, భృత్యుడు అన్నవి ఆ ధాతువు నుండే పుట్టాయి. భారం అన్నదీ, భరణం అన్నదీ ఆ ధాతువు బిడ్డలే. మా తమ్ముడికి ఈ సంగతి చెప్పినప్పుడు అతడు చాలాసేపు ఏమీ అనలేదు. తరువాత, "అయితే అక్కా, భారమని నేననుకుంటున్నదీ, భరణమని మీరంటున్నదీ ఒకే ఇంటిపేరు మాటలన్నమాట" అన్నాడు.

2024 మే నెలలో అతనికి పని పిలుపు వచ్చినది. మాకు చాలాకాలంగా తెలిసిన ఒకాయనకు మొక్కల నర్సరీ ఉన్నది. కరివేపాకు, మునగ, మిరప, బెండ నారు పెంచి అమ్ముతారు; జూలూలు అమడుంబే అనీ మన ముసలివారు చేమదుంప అనీ పిలిచే దుంపలూ అక్కడ దొరుకుతాయి. ఆర్డర్ల పుస్తకం రాయడానికి, నారు సంచులకు చీటీలు కట్టడానికి, నీటి పైపుల వ్యవస్థ చూసుకోవడానికి ఒక మనిషి కావాలని ఆయన అడిగారు. వారానికి మూడు ఉదయాలు, ఒక్కో ఉదయం నాలుగు గంటలు. కుడి చేతితో చేయగల పనులే.

ఆ రాత్రి మా ఇంట్లో నలుగురమూ కూర్చుని లెక్క వేశాము. అప్పటి జాతీయ కనీస వేతనం గంటకు 27 రాండ్ల 58 సెంట్లు. వారానికి పన్నెండు గంటలకు దాదాపు 331 రాండ్లు. నెలకు సుమారు 1,434 రాండ్లు. గ్రాంటు అలాగే ఉండి దీనికి తోడైతే సంసారం కాస్త ఊపిరి పీల్చుకుంటుంది. గ్రాంటు మొత్తం పోయి ఇది మాత్రమే మిగిలితే, పని చేసినందుకు నెలకు 746 రాండ్లు తక్కువ వస్తాయి. ఆపైన ఆరు నెలలకు మళ్లీ ఆరోగ్యం చెడితే, ఆగిపోయిన గ్రాంటు దానంతటదే తిరిగి రాదు. కొత్తగా దరఖాస్తు, కొత్తగా వైద్య పరీక్ష, కొత్తగా నిరీక్షణ. మరదలు ఆ కాగితం వంక చూసి, "వదినా, ఈ మూడేళ్లకు గాని మాకు నిద్ర పట్టలేదు. మళ్లీ ఆ వరుసలో నిలబెట్టకండి" అన్నది. ఆమె మాటలో అన్యాయం ఏమీ లేదు. సోమరితనం వల్ల మనుషులు గ్రాంటును పట్టుకుని ఉంటారని అనేవారు ఒకసారి ఈ లెక్క తామే వేసి చూడాలి. వారిని పట్టి ఉంచేది వెనక్కి వచ్చే దారి ఎంత పొడవో తెలిసిన భయం.

నర్సరీ ఆయన మా చిక్కు విని మంచిమనసుతోనే ఒక మార్గం చెప్పారు: కాగితాలేవీ లేకుండా వారం వారం డబ్బు చేతికే ఇస్తారట. ఎవరికీ తెలియదు, గ్రాంటుకు ఢోకా లేదు. ఇరుగుపొరుగువారు కూడా అదే మేలన్నారు. మరదలికి అది నచ్చినది. మా ఆయన మాట్లాడలేదు. జవాబు చెప్పినది మా తమ్ముడే. "పనికి పోతున్నానని నలుగురితో చెప్పుకోవడానికే కదక్కా నాకీ పని కావాలి. దాచిపెట్టి పోయేటట్లయితే ఈ కిటికీ దగ్గరే ఉంటాను." ఆ మాటతో చర్చ ముగిసినది. ఇక తెలుసుకోవలసినది చట్టం ఏమంటున్నదో.

చట్టం మేము భయపడినంత కఠినంగా లేదు, ఇరుగుపొరుగు అనుకున్నంత వదులుగానూ లేదు. 2004 నాటి సామాజిక సహాయ చట్టం ప్రకారం, శారీరక లేదా మానసిక వైకల్యం కారణంగా ఉద్యోగం ద్వారా గాని వృత్తి ద్వారా గాని తన పోషణకు కావలసినది సంపాదించుకోలేని వ్యక్తికి ఈ గ్రాంటు. ఇందులో ముఖ్యమైన మాట 'పోషణకు కావలసినది'. ఒక్క గంట పని చేసినా వైకల్యం లేనట్లేనని చట్టం అనదు. రెండవది ఆదాయ పరీక్ష: దరఖాస్తుదారునికి పెళ్లి అయి ఉంటే భార్యాభర్తలిద్దరి ఆదాయమూ చూస్తారు, ఆస్తులూ చూస్తారు. ఆదాయం పెరిగినకొద్దీ గ్రాంటు మెట్లుమెట్లుగా తగ్గుతుంది, ఒక హద్దు దాటితే ఆగుతుంది. మూడవది బాధ్యత: పరిస్థితులు మారితే దక్షిణాఫ్రికా సామాజిక భద్రతా సంస్థకు, అంటే మనం సాసా అని పిలిచేదానికి, తెలియజేయవలసినది గ్రాంటు పొందేవారే. చెప్పకుండా పుచ్చుకున్నది తరువాత అప్పుగా వచ్చి మీద పడవచ్చు. నాలుగవది రక్షణ: నిర్ణయం మనకు వ్యతిరేకంగా వస్తే స్వతంత్ర న్యాయమండలికి 90 రోజులలోగా అప్పీలు చేసుకునే హక్కు ఉన్నది.

పని ఇచ్చేవారి వైపు కూడా చట్టాలు ఉన్నాయి. నెలకు 24 గంటలకు మించి పనిచేసే ఉద్యోగి పేరున నిరుద్యోగ బీమా నిధికి యజమాని ఒక శాతం, ఉద్యోగి ఒక శాతం చెల్లించాలి. మా తమ్ముడి పని గంటలు నెలకు 50 దాటుతాయి. చేతికి డబ్బు తీసుకుని ఉంటే ఈ నిధిలో అతని పేరు ఉండేది కాదు. 2021లో ఆ కుటుంబాన్ని మొదట నిలబెట్టినది ఆ నిధియే కదా. 1998 నాటి ఉద్యోగ సమానత్వ చట్టం వైకల్యం ఉన్నవారికి తగిన సదుపాయాలు కల్పించాలన్న భావనను ఈ దేశపు కార్యాలయాలలోకి తెచ్చినది. నర్సరీ ఆయనకు ఆ చట్టం సంగతి ఎంత తెలుసో గాని, నారు బల్లను నడుము ఎత్తుకు పెంచి, బరువైన నీటి డబ్బాల బదులు పైపు వేయించి, చేతికర్ర జారకుండా నేల మీద గులకరాళ్లు తీయించారు. దీనికి ఆయనకైన ఖర్చు ఒక శనివారం పని మాత్రమే.

జూన్ నెలలో మా ఆయన, తమ్ముడు కలిసి కార్యాలయానికి వెళ్లారు. తీసుకుని వెళ్లినవి: గుర్తింపు పత్రం, పని గంటలు, వేతనం రాసి యజమాని సంతకం చేసిన ఉత్తరం, మూడు నెలల బ్యాంకు వివరాలు, వైద్యుని నివేదిక, మరదలు కుట్టుపని ఆదాయం రాసిన కాగితం. ఆమె రవికల లెక్క కూడా చూపించాలని ఆమే పట్టుబట్టినది. చెప్పేటప్పుడు సగం చెప్పడమేమిటని ఆమె వాదన. బల్ల అవతల కూర్చున్న యువతి కాగితాలు చూసి, "అంకుల్, పని దొరికిందని చెప్పడానికి వచ్చారా?" అని రెండుసార్లు అడిగినదట. ఆమె వివరాలు నమోదు చేసి, అందినట్లు ముద్ర వేసి ఒక ప్రతి ఇచ్చినది. ఆ ప్రతి ఇప్పటికీ వారి పూజగది అరలో, కుంకుమ భరిణె కింద ఉన్నది.

జూలై నెల రెండవ చెల్లింపు రోజున మరదలు కార్డు తీసుకుని ఒంటరిగా వెళ్లినది. మొత్తం వచ్చినది, ఏమీ తగ్గలేదు. వారి ఇద్దరి ఆదాయమూ కలిపినా తగ్గింపు దాకా రాలేదు. ఇది శుభవార్తయే గాని శాశ్వతమైన హామీ కాదు. వేతనం పెరగవచ్చు, ఎప్పుడైనా పునఃపరీక్షకు పిలవవచ్చు, అప్పుడు వైద్యుడు ఏమంటారో ఎవరికీ తెలియదు. మా తమ్ముడికి 60 నిండడానికి అప్పటికి ఐదేళ్లున్నాయి. ఆ తరువాత వైకల్యం గురించి ఎవరూ అడగరు, ఆదాయం, ఆస్తులు మాత్రమే చూస్తారు. "మన ముత్తాత ఒప్పందం కూడా ఐదేళ్లే కదా" అని అతడే నవ్వాడు. ఇద్దరి ఐదేళ్లకూ ఒక తేడా ఉన్నది. ముత్తాత పని మానితే శిక్ష ఉండేది. ఇతడు పనికి వెళ్లడానికి ధైర్యం కావలసి వచ్చినది.

పని వల్ల అతని చేయి బాగుపడినదని చెప్పలేము. చలికాలంలో ఉదయం వేళ్లు పట్టేస్తాయి. రెండు వారాలు వెళ్లలేకపోయాడు కూడా. నీటి పంపు మోటారు ఒకనాడు చెడితే చెవి ఆనించి విని, బేరింగు పోయినదని చెప్పి, యువకుడొకనితో విప్పించి బాగుచేయించాడు. సాయంత్రం ఇంటికి వచ్చి ఆ సంగతి మూడుసార్లు చెప్పాడు. మూడుసార్లూ విన్నాము.

పాఠకులైన కుటుంబాలకు మా మనవి ఇది. మీ ఇంట్లో గ్రాంటు పొందుతున్నవారు ఎవరైనా పని మాట ఎత్తితే, వద్దని ఒక్క మాటతో ఆపకండి, వెళ్లమని తొందరపెట్టకండి. ముందు లెక్క కాగితం మీద వేయండి. పని గంటలు, వేతనం లిఖితపూర్వకంగా తీసుకోండి. మార్పును మీరే తెలియజేసి, ముద్ర వేసిన ప్రతిని దాచుకోండి. నిరుద్యోగ బీమాలో పేరు నమోదైనదో లేదో అడగండి. కాదన్న జవాబు వస్తే దానికి కారణం రాతపూర్వకంగా అడిగి, గడువులోగా అప్పీలు చేయండి. వ్యాపారాలు ఉన్న మన సమాజ సభ్యులు చేతికి డబ్బు ఇచ్చి మేలు చేశామనుకోవడానికి బదులు, ఆ మనిషి పేరు పుస్తకంలో రాసి మేలు చేయండి. పేరు లేక సంఖ్యగా మిగిలిన తరాల వారసులము మనము. పుస్తకంలో పేరు ఉండడం ఎంతటిదో మనకు ఒకరు చెప్పనక్కరలేదు.

పత్రాలు నింపడంలో సహాయం కావలసినవారు మంగళవారం తెలుగు తరగతి ముగిసిన తరువాత మమ్మల్ని కలవవచ్చు. ఇద్దరమూ అక్కడే ఉంటాము. కాగితాలు, కళ్లజోడు మరచిపోకుండా తెచ్చుకోండి. టీ మేము పెడతాము.